నోరు తెరవని నువ్వుకాయ

రుచితా, గా నువ్వుల కట్టెను జర ఇటియ్యే బిడ్డా. మీ వ్యవసాయ కాలేజీ చేన్లకెళ్లి తెచ్చినవా? అరె, నిలువునా ఎండింది, కాయ మాత్రం నోరు తెరువలే. మా అవ్వ, నన్ను కన్నతల్లి కొమురవ్వ చేతికి ఒకపారి అచ్చం గిసొంటిదే దొరికింది. నువ్వు ఆమెను చూడలే, మీ నాయిన సుత చూడలే. నువ్వుచేను ఎప్పుడు కోస్తరో ఎరికేనా? ఎండెక్కినంక ముట్టరు. కాయ పటపట పగిలి గింజంత మన్నుపాలైతది. తెల్లారకముందే, మంచు తడి ఆరకముందే కోయాలె. అందరికి అది చల్లటి పూట, మా అవ్వకు గండం. ఆమెకు రేచీకటి. పొద్దు గూకిందంటే గోడ పట్టుకొని నడిచేది. "చీకట్ల చేన్లకెందుకే, కాళ్లిరగ్గొట్టుకుంటవ్" అని మా నాయిన ఒర్రేటోడు. "నా వేళ్లకు కండ్లున్నయ్, నీ సంగతి నువ్వు చూస్కో" అనేది. అంత తడుముకుంటనే కోసేది. నాకు గట్ల లేదు, సూరత్‌ల బట్ట నేసే సాంచెల మోతకు చెవులు పోయినయ్ గని కండ్లు మంచిగున్నయ్. ఏమంటున్న? ఆ, కోత. ఒకనాడు కోసుకుంట కోసుకుంట ఆగి నన్ను పిలిచింది. "ఒరే నరహరీ, ఇటు రారా. చెట్టు ఎండింది, కాయ మూసుకునే ఉంది. దీని తల్లి నిరుడు నా చేతులనే పగిలె. ఇదెవల పోలికరా?" మా నాయిన ఊకుంటడా? "నీ పోలికే, మొండిది" అన్నడు. ఆ విత్తనం కొంగున కట్టుకున్నది. ఆ యేడే వానల్లేక సూరత్ బండెక్కినం, మూట ఏడ పోయిందో. పానం పోయేదాంక అదే అడిగేది, ఎవల పోలిక అని.

నువ్వు ఒక్క మాటల చెప్తివి. ఏమంటివి? ఈ గుణం తల్లిల దాగుంటది, తండ్రిల దాగుంటది, వాటి కాయలు మామూలుగనే పగుల్తయ్. రెండు దిక్కుల దాగింది ఒక్కకాడ కలిస్తే గిట్ల బయటపడ్తది. అంతేనా? అవ్వ ఉంటే ఎంత సంబరపడునో!

ఆగాగు. రెండు దిక్కులా అంటివి గదా. అవ్వ రేచీకటి నాకు రాలే, మా చెల్లె లింగవ్వకు రాలే. లింగవ్వ బిడ్డ కరుణనే, మీ అమ్మనే గదా నా కొడుక్కు, మీ నాయినకు చేసుకున్నం. మేనరికం, పిల్ల మన ఇంట్లనే ఉంటదని అందరం మురిసినం. ఇటు చూసినా, అటు చూసినా నువ్వు కొమురవ్వ మునిమనుమరాలువే.

నవ్వకు. "మనుషులు నువ్వులా తాతా" అంటవ్, ఎరికే. మొన్న కరెంటు పోయినప్పుడు గడప తట్టుకొని పడ్డవ్. ఫోన్ చూసుకుంట పడ్డ అంటివి. ఫోన్ అర్ర లోపల చార్జింగ్ల ఉండె గదనే?

లైటు ఎయ్యకు. పొద్దు గూకుతనే ఉంది, వెలుగు ఇంక మొత్తం పోలే. గా మూలకు నా చెప్పులున్నయ్, తెచ్చియ్యి. తడుమకు బిడ్డా. చూసి తే.