డైమండ్ హార్బర్ దాకా

గురువులు ఖిదిర్‌పూర్ రేవులో సరుకు పడవ మీంచి గంగలో జారిపడి ఐదు రోజులైంది. అతని భార్యా తమ్ముడూ పొద్దున్నే బయల్దేరి, నది వెంట ఊరూరా దిగి వెతుక్కుంటూ డైమండ్ హార్బర్ చేరారు. ఆసుపత్రిలో ఒక శవాన్ని చూసి వచ్చి, గట్టు మీద కూలబడ్డారు.

"ఒదినా, లోపల పోలీసోడు సంతకం కోసం సూస్తన్నాడు."

"బజ్‌బజ్‌లో గట్టెంట ఎన్ని సెట్లో! ఫల్తాలో ఆ గాలేటి! పెళ్లయిన కాడ్నించీ ఈ ఊర్లన్నీ సూపిత్తానంటానే ఉన్నాడు మీ అన్న."

"మన రేవు కూలీల యూనియన్ నాయకుడు సీటీ రాసిచ్చాడు కాబట్టే ఆసుపత్రి లోనికి రానిచ్చారు. ఏటి సెప్పమంటావు ఆ పోలీసోడికి?"

"ఆ మనిసి మీ అన్న కాదని సెప్పు."

"మొకం పోల్చలేకపోయినా మొలతాడు పోల్చలేమా? మొన్న అమ్మోరి పండక్కి తాయెత్తేసి నువ్వే కట్టినావు."

"తాయెత్తులు అందరికీ ఉంటాయి."

"ఆ ముడి నీదే ఒదినా."

"నాను కాదంతన్నాను. పెళ్లాన్ని నాను."

"నువ్వు కాదంటే దిక్కులేని సవమని ఆళ్లే కాల్చేత్తారు. కొరివెట్టడానికి కూడా మన్ని రానివ్వరు."

"లే బాబూ. ఇంకో ఊరు సూద్దాం."

"ఇంకేటున్నాయి ఊర్లు? ఇంకా కిందకెళ్తే సముద్రమే."

"సముద్రం కూడా సూపిత్తానన్నాడు."

"రేపు బూడిద కలపడానికి ఎల్దాం ఒదినా. అప్పుడు సూపిత్తాడు."