సంగవ్వవాడి

నారాయణఖేడ్‌లో ఫోను మ్యాపుల కోసం ఊళ్ల పేర్లు సరిచూస్తున్న ఉద్యోగి ఎదుట, నాగల్‌గిద్ద వైపు నుంచి బస్సెక్కి వచ్చిన ఆశా కార్యకర్త కూర్చుంది. తప్పుగా పడ్డ తమ ఊరి పేరు మారేదాకా లేవకూడదని ఆమె ఇంట్లోనే అనుకుని బయలుదేరింది.

“మీ ఊరు లిస్టుల ఉన్నది కదమ్మా, సంగంవాడి అని.”

“సంగంవాడి వేరే మండలంల ఉన్నది సారూ. మాది సంగవ్వవాడి.”

“పాత రికార్డుల గూడ సంగంవాడే ఉన్నది.”

“ఎవరు రాసిన్రో ఏమో. పోయిన వానకాలం అంబులెన్సు ఫోన్ల చూసుకొని గా ఊరికే పోయింది. మా ఊరి పిల్ల కాన్పు ఆటోలనే అయింది.”

అతను కలం పక్కన పెట్టాడు. “బిడ్డ?”

“బతికిండు. నా చేతులల్లనే పుట్టిండు.”

“ఊరోళ్లంతా ఏమంటరు?”

“సంగవ్వవాడే. హద్దు అవతలి కన్నడపోళ్లు గూడ గదే అంటరు.”

“అయితే గదే రాస్త. ఊరు ఏడున్నదో చూపియ్యి.” అతను కంప్యూటరును ఆమె వైపు తిప్పాడు.

ఆమె బడి పక్క మలుపు మీద వేలు పెట్టింది. “ఫోన్లల్లకు ఎప్పుడొస్తది?”

“పైనోళ్లు ఒప్పుకుంటే పదిహేను దినాలు.”

“గట్లయితే మంచిదే సారూ,” అంటూ ఆమె మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. “మా కోడలి కాన్పుకు ఇంకా నెల ఉన్నది.”