గిలకబావి ఇంటి బేరం

చెల్లాయమ్మ గిలకబావి తెలుసుగా మీకు? కాలవగట్టు దిగి బైపాసు రోడ్డుకి పోయే దారిలో, ఆ పెంకుటింటి పెరట్లో ఉంటుంది. చేద లేదు, తాడూ లేదు, అయినా గిలక కిర్రుమంటుంది. మనూళ్ళో వాళ్ళు చుట్టూ తిరిగైనా పోతారు గానీ అటు అడుగెయ్యరు. అలాంటిది మన రత్నం మొగుడు, ఇదిగో ఈ సూరిబాబు, నిన్న వెళ్ళి ఆ ఇల్లు చూసొచ్చాడంట! చవగ్గా వస్తోందంట, అగ్రిమెంటు రాయించుకుని ఎవడికో మార్చేస్తాడంట. నవ్వకు అల్లుడూ. ఇల్లరికం వచ్చినోడివి, నీకు తెలీదు. నిన్నొకటి అడగాలి గానీ ముందు ఇది విను. ఒసేయ్ రత్నం, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చో.

నా చెల్లెలి మనవరాలు తాయారు లేదూ, దాని మొగుడు పోసిబాబు. ఆటో తోలేవాడు, ఎప్పుడూ గళ్ళ చొక్కాలోనే ఉండేవాడు, మంచోడే. ఒకసారి రాజమండ్రి కిరాయికెళితే, అక్కడెవడో హోటలు హాల్లో కుర్చీలేసి, ఇల్లు కొనకుండా ఇల్లమ్మడం ఎలాగో క్లాసు చెబుతున్నాడు. వీడు ఆటో బయట పెట్టి లోపలికెళ్ళాడు, అంతే, మళ్ళీ మనసు ఆటో మీదకి రాలేదు. ఏం చెప్పాడంటే, తాళం పడ్డ పాత ఇల్లు వెతుక్కో, విసిగిపోయిన వారసుణ్ణి పట్టుకో, కాస్త బయానా చేతిలో పెట్టి అగ్రిమెంటు రాయించుకో, రంగేసి పెంకులు సర్దు, రిజిస్ట్రేషను గడువు లోపల ఇంకొకణ్ణి తెచ్చి నీ చోట్లో వాణ్ణి నిలబెట్టి, మధ్యలో మిగిలింది జేబులో వేసుకుని నువ్వు తప్పుకో. ఇల్లు నీదయ్యేదీ లేదు, అందులో నువ్వొక పూట తిండి తినేదీ లేదు.

అన్నిటికంటే పెద్ద కిటుకు ఇంకోటుంది. బ్రోకరంటే ఎవడు తగ్గించి ఇస్తాడు చెప్పండి? అంచేత పోసిబాబు ఏ ఇంటికెళ్ళినా ఒకటే మాట. మేమే ఉంటామండీ, పెళ్ళాంబిడ్డల్తో, మీ అమ్మగారు దీపం పెట్టిన చోటే మా ఆవిడా దీపం పెడుతుందండీ అనేవాడు. ఆ మాటకి ముసలాళ్ళ కళ్ళు చెమర్చేవి, రేటు దిగేది. తాయారు వద్దనేది, కడుపులో బిడ్డని పెట్టుకుని ఆ అబద్ధాలేంటయ్యా అనేది. మాటే కదే, మాటకి రిజిస్ట్రేషనుందా ఏంటి అనేవాడు వీడు.

అలా ఒకటీ రెండూ కలిసొచ్చాక ఈ ఇంటి మీద కన్నుపడింది. చెల్లాయమ్మ పోయి చాలా ఏళ్ళయింది అప్పటికి. పిల్లల్లేరు పాపం. బంధువులు వచ్చేవాళ్ళు, తినేవాళ్ళు, పోయేవాళ్ళు. ఎవరు గేటు తీసినా ఆవిడ అడిగేది ఒకటే, ఉండటానికొచ్చావా, పోవడానికొచ్చావా అని. పోవాలి పిన్నీ అనేవాళ్ళు అందరూ. చివరికి ఆ బావి గట్టు మీదే, చేదతాడు చేతిలో ఉండగానే పోయింది. అలాంటి కొంపని ఆవిడ మరిది కొడుకు వదిలించుకుంటే చాలనుకున్నాడు, పోసిబాబు ఆటో అమ్మేసి బయానా ఇచ్చాడు.

ఇక వీడు సున్నాలు కొట్టించి, గేటుకి ఇల్లు అమ్మకానికుందని బోర్డు కట్టి, సాయంత్రం దీపాల వేళకి చేతులు కడుక్కుందామని పెరట్లోకెళ్ళాడు. బావి దగ్గర తెల్లచీర ముసలావిడ చేదతో నీళ్ళు తోడుతోంది. పక్కింటావిడేమో అనుకున్నాడు. ఆవిడ తలెత్తకుండా, ఉండటానికొచ్చావా నాయనా, పోవడానికా అంది. వీడికి అలవాటైన నోరాయె! ఉండటానికేనమ్మా, పెళ్ళాంబిడ్డల్తో అనేశాడు. ఆవిడ నవ్వి, దోసిట్లో నీళ్ళు పోసింది. వీడు కడుక్కుని చూస్తే ఆవిడ లేదు, చేదా లేదు, గిలక మాత్రం తిరుగుతోంది.

భయపడ్డాడా? పడ్డాడు. కానీ ఆటో పోయిందిగా, బేరం ఒదులుకోలేడు. ఇల్లు చూడ్డానికొచ్చిన ప్రతివాడూ పెరట్లోకెళ్ళి మొహం మాడ్చుకుని వచ్చేవాడు. ఏమయ్యా, ఇంటాయన వచ్చేశాడు, ఇల్లమ్మేది లేదని లోపల పెద్దావిడ అంటోందే, మమ్మల్నెందుకు తిప్పావు అని తిట్టిపోయేవాళ్ళు. పోసిబాబుకి తిండి సహించడం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొస్తే తాయారు వాకిట్లో పాత ఉయ్యాల తొట్టి కడుగుతోంది. ఎక్కడిదే అంటే, ఎవరో పెద్దావిడ తెచ్చిచ్చిందయ్యా, పాలు పొయ్యి మీద పెట్టాను, పొంగే వేళకి బిడ్డని తీసుకుని రమ్మంది, పాపం బట్టలన్నీ తడిసున్నాయి అంది. బిడ్డ ఇంకా పుట్టందే అన్నానయ్యా, ఆ మాటకి నా పొట్ట మీద చెయ్యేసింది, చెయ్యి ఎంత చల్లగా ఉందో అని కూడా అంది.

పోసిబాబు వెంటనే, నువ్వు గడప దాటకు అని చెప్పి పక్కింటోళ్ళ బండేసుకుని పోయాడు. తాయారు ఊరుకుంటుందా? పొట్ట పట్టుకుని కాలవగట్టంట నడిచి వెళ్ళింది. గేటు దగ్గర నిలబడి చూసిందంతా అదే నాకు ఏడుస్తూ చెప్పింది.

వీడు బావి దగ్గర చేతులు జోడించి, అమ్మా, నేను ఇంట్లో ఉండేవాణ్ణి కాదు, బ్రోకర్ని, అబద్ధం చెప్పాను, నన్నొదిలెయ్ అని బతిమాలుతున్నాడు. అందరూ పోతామన్నారు నాయనా, ఉంటానన్నది నువ్వొక్కడివే, నీ మాట మీదే పొయ్యి వెలిగించాను అంటోంది ఆవిడ. అంటూ అంటూ గేటు వైపు చూసింది, వచ్చిందే కోడలు అంది. పోసిబాబు వెనక్కి తిరిగి, రాకు తాయారూ, గేటు తియ్యకే అని ఒక్క అరుపు అరిచాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, దాన్నీ బిడ్డనీ వదిలెయ్యమ్మా, నేనుంటాను అన్నాడు. జీవితం మొత్తమ్మీద ఆ మాట ఆ ఒక్కసారే నిజంగా అన్నాడు వాడు. 

అప్పుడా ముసలావిడ, సరే, నేను మాత్రం పట్టుకుని ఉంచుతానా, నీ పద్ధతి నీకుందిగా, ఉంటానని ఇంకొకడు నీతో అన్నరోజు వాణ్ణి నీ చోట్లో పెట్టి నువ్వెళ్ళు అంది. గిలక తిరిగింది. తాయారు భయంతో కళ్ళు మూసుకుని, తెరిచి చూసేసరికి బావి గట్టు మీద చెప్పులున్నాయి, మనిషి లేడు. మనవాళ్ళు బావి అడుగు దాకా వెతికారు, ఒక్క గుడ్డపీలిక దొరకలేదు. తాయారుకి ఆడపిల్ల పుట్టింది. చక్కగా ఉంది, పెళ్ళీడుకొచ్చింది కూడా.

అప్పట్నించీ ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆ మరిది కొడుకూ పోయాడు, తాళం తుప్పు పట్టింది. మరి, అల్లుడూ, ఇప్పుడు చెప్పు. నిన్న నీకు తాళం తీసి ఇల్లు చూపించిందెవరు?

గళ్ళ చొక్కా ఆయనా? చెప్పుల్లేకుండా ఉన్నాడా? ఊఁ. ఇల్లు బాగుందన్నావు సరే, ఉండటానికా, పోవడానికా అని అడిగుంటాడే, ఏమన్నావు?  రేటు తగ్గించడానికి నువ్వూ ఆ మాటే అన్నావా?

రత్నం, ఏడవకే, పిల్లాడు లేస్తాడు. సరే లేవండి అందరూ, అన్నాల వేళయింది. ఆ గిలకబావి వైపు మాత్రం ఎవరూ పోకండి. పోసిబాబు ఇంటికి వచ్చేస్తాడేమో, తాయారుకి కబురు పెట్టాలి నేను.