రాయి మీద పదిన్నర

ఆళ్లగడ్డ దాటి నల్లమల అంచుకు పోతే వచ్చే చెరువు. రెండు రోజులుగా వదలని వాన. కట్ట మీద ఇద్దరే ఉన్నారు: ఇరవై ఏళ్లుగా ఆ గేట్లు చూసే లస్కర్ ఏసయ్య, నంద్యాల నుంచి ఉన్నపళంగా జీపేసుకొచ్చిన ఇంజినీరు హేమలత.

“మళ్లీ చెప్పన్నా. నీళ్లెంతున్నాయి?”

“పదిన్నర అడుగులు, మేడమ్. గేజీ రాయి మీదుండాది గదా, సూడండి.”

“రాయీ చూస్తాండా, నీళ్లూ చూస్తాండా. పన్నెండైతే కట్టకు ముప్పు. పదిన్నరకే నా చెప్పులు తడుస్తాండాయేంది?”

“అలలు మేడమ్. గాలి ఎక్కువుండాది.”

“గాలి యాడుంది?”

“ఇందాక ఉండె.”

“ఏసయ్యన్నా, నా పక్క చూసి చెప్పు. ఆ రాయికి రంగెప్పుడేసినావ్?”

“ఎండాకాలం. ఏటా ఏసేదే గదా.”

“అంకెలు?”

“నేనే రాసినా.”

“యాడ రాసినావ్?”

“యాడంటే... రాయి మీదనే.”

“అన్నా!”

“అడుగున్నర పైకి జరిపి రాసినా, మేడమ్.”

“అయ్యో దేవుడా! అంటే ఇప్పుడు పన్నెండా?”

“పదకొండు దాటితే సాలు, గేట్లెత్తమని మీ ఆఫీసు నుంచి ఫోనొస్తాది. నీళ్లన్నీ ఏటిపాలు. ఫిబ్రవరికి పైర్లు ఎండిపోతాండాయి. మూడేండ్లు సూసినా. రైతులొచ్చి నా చేతులు పట్టుకున్న్యారు, ఒక్క అడుగు నిలబెట్టప్పా అని. పైసా ముట్టలేదు, ఏసుప్రభువు తోడు!”

“ఆ వానలు వేరేనన్నా! నెలంతా పడాల్సింది రెండు దినాల్లో పడ్తాండాది. గేట్లెత్తు, జల్దీ!”

“తెల్లారకముందే ఎత్తినా, రెండూ. అయినా పెరుగుతానే ఉండాది. కట్ట కింద బురద నీళ్లు ఊరుతాండాయి.”

“మరి పొద్దున ఫోన్లో పదిన్నరే, భయం లేదంటివే!”

“నిజం జెప్తే నౌకరి పోతాదని... అయినా కట్ట కింద కాలనీవాళ్లంతా నిన్ననే బడికి పోయిరి గదా. కట్ట తెగినా మనుషులకేం కాదులే అనుకుంటి. మా కూతురు జెస్సీ గూడా పసిబిడ్డనెత్తుకోని ఆడనే ఉండాది. రెండంతస్తుల మిద్దె, ఎంత వానకైనా తట్టుకుంటాది. ఏందీ, జీపు దిక్కు పోతాండారేంది మేడమ్?”

“అన్నా... పదిన్నరే గదా అని, పొద్దున వచ్చే దోవలో బడికాడ ఆగి అందర్నీ ఇండ్లకు పొమ్మంటి. ఎవరూ కదల్లేదు. మీ జెస్సీనే లేచింది. మా నాయన లెక్క తప్పదు, రాండి అని బిడ్డనెత్తుకోని అందరికన్నా ముందు నడిచింది.”