పంచుకోని వైరు

"ఆసు పోసే ఓ పిల్లదానా, తెగిన పోగు యాడున్నదే..." తర్వాత ఏందో! పోచంపల్లిల మా అమ్మ మగ్గం కాడ పాడుతుండె. సగం మర్చిన. నువ్వు టెస్టర్ పట్టుకొని గోడంతా తడుముతుంటే యాదికొచ్చింది, అంతయ్యా.

దొరికిందా? ఏందీ, యాడా తెగలేదా? మరి పేచీ ఏంది కొడుకా? ఫ్రిజ్ ఏస్తే లైట్లు గుడ్డిగైతయ్, నల్లా పట్టుకుంటే చెయ్యి జుమ్మంటది. దిల్‌సుఖ్‌నగర్‌ల నీ అసొంటి కరెంటు మేస్త్రీ లేడంటే పిలిపిచ్చిన.

ఆగాగు. గోడవతల ఆ లొల్లేంది? నువ్వు మా మెయిన్ బందు పెడితే వాళ్ళ ఫ్యాన్లెందుకాగినయ్?

న్యూట్రలా? మల్లొకసారి చెప్పు, ముసలిదాన్ని. వాళ్ళింట్లకు పోయిన కరెంటు మా బోర్డులకెల్లే వాపసు పోతదా? ఓరి దేవుడా! ఇల్లు పంచినప్పుడు మా బావ బాలకృష్ణ టేపు పట్టి కొలిచిండు. నడుమ గోడ కట్టిచ్చిండు, రెండు మీటర్లు పెట్టిచ్చిండు. రోలు ఆయనకు, పొత్రం మాకు! గంత హుషారు మనిషి, గీ ఒక్క వైరు పంచుడు మర్చిండు సూడు.

ఉండు, మెయిన్ ఎయ్యకు. జర దిగు, ఛాయ్ తాగు.

ఎరుకే. ఇయ్యాల వాళ్ళ మనవరాలు పల్లవికి పూలు పండ్లు. ఎల్బీనగర్ నుంచి పిలగాని తరపోళ్ళొచ్చి కూసున్నరు. ఉడకనీ. పట్టుచీరెలల్ల మంచిగ ఉడకనీ.

గట్ల సూడకు బిడ్డా. నిరుడు సకల జనుల సమ్మెల మా ముసలాయన ఆయాసంతోని ఎగపోస్తుండె. కరెంటు పోతుండె, వస్తుండె. ఒకపారి ఎక్కువొచ్చి మా అర్రల ఫ్యాను మాడింది, దాని వైరు గూడ మాడింది. షాపులన్నీ బందు. మేస్త్రీలంత ధర్నాల. నువ్వు గూడ కొత్తపేట చౌరస్తాల జెండా పట్టుకొని నిలబడితివి గద? మంచిదే, నేను గూడ జై తెలంగాణ అన్నదాన్నే.

గోడవతల మాత్రం ఫ్యాన్లు గిరగిర తిరుగుతున్నయ్. స్టూలెక్కి, మా బావ పెండ్లాం అనంతమ్మను బతిమిలాడిన. "అక్కా, గోడ మీదికెల్లి ఒక్క వైరు, ఒక్క ఫ్యాను ఇయ్యరాదే. నీకు మరిదే గద" అన్న.

నేనడుక్కున్న ఆ కరెంటు నా ఇంట్లకెల్లే పోతుండెనా అంతయ్యా? నా నెత్తి మీదికెల్లే?

ఆ కట్టరియ్యి. ఇయ్యి అంటున్న. వాళ్ళది గీ నల్ల వైరేనా? రబ్బరు పిడి కట్టరే గద, షాకేం కొట్టది... అబ్బ, మొండిదే. ఆఁ. తెగింది.

ఇగ మాది ఎయ్యి. నువ్వూ జర గాలికి కూసో. అడగొస్తరు, రానీ. కట్ చేసింది రాజమ్మనే అని చెప్పు, భయమేంది?

నేను ఫ్యాను అడిగిన తెల్లారే మా ఆయన పోయిండు. అనంతమ్మతోని నేను మల్ల మాట్లాడలే. నవ్వుకుంట అన్నది ఆనాడు, గదే ఆఖరు మాట:

"రేపో మాపో కాలేటోనికి గాలెందుకే, రాజమ్మా?"