జానెడు జాగ

పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు వెడల్పు చేస్తారని కొలతలు తీసుకున్న నాటి నుంచి మొగులమ్మ చాయ్ డబ్బా వెనక ఒక తెల్ల సున్నం గీత పడి ఉంది. గీతకు రోడ్డు వైపున ఉన్నదంతా కూలగొడతారు. డబ్బా మొత్తం రోడ్డు వైపే ఉంది.

గీత వెనక కొంచెం జాగ ఇప్పించమని మొగులమ్మ సంగారెడ్డికి పోయి ఆఫీసరును అడిగింది. ఆయన దగ్గరికి అప్పటికే రెండు గుంపులు వచ్చిపోయాయి. అది పాతోళ్ళ అడ్డా, తీసేయమని కొత్తోళ్ళు చెప్పారు. అది కొత్తోళ్ళ అడ్డా, ఉంచొద్దని పాతోళ్ళు చెప్పారు. ఇక్కడి కంపెనీల్లో పాతోళ్ళంటే తాతల నాటి పద్ధతి తప్పొద్దనేవాళ్ళు, కొత్తోళ్ళంటే పద్ధతి ఏదైనా సరే మార్చాల్సిందే అనేవాళ్ళు. ఆఫీసరు విసిగిపోయాడు. రెండు వైపుల నుంచి చెరొక పెద్దమనిషిని తీసుకురా, ఇద్దరూ కలిసి వచ్చి ఇది ఉత్త చాయ్ డబ్బా అని ఒక్క మాట చెబితే జాగ చూపిస్తానన్నాడు. ఈ రోజు పగటి భోజనం లోపు రావాలన్నాడు.

పాతోళ్ళలో రాజారావు వస్తానన్నాడు. కోస్తా నుంచి వచ్చి సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, బొట్టు లేకుండా గడప దాటడు. ఎప్పటిలాగే నిలబడి చాయ్ తాగుతున్నాడు. కొత్తోళ్ళలో పెద్దరాములు రావాలి. మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పని చేసి దిగిపోయాడు. బల్ల నడుమ కూర్చున్నాడు, పక్కన ఎర్ర తువ్వాల పరిచి ఉంది. అది రిలీవర్‌కు, అంటే తన షిఫ్టు అయ్యాక పని అందుకునే మనిషికి ఆపిన జాగ అంటాడు. ఆ మనిషిని ఎవరూ చూడలేదు. కర్దనూర్ ఊరి నుంచి వచ్చి కంపెనీలో కొత్తగా పనికి ఎక్కిన నాగయ్య నూనె డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. ఎదురుగా యాదన్న ఆటో ఆగి ఉంది.

"పోదామా అన్నా? సారుతోని కలిసి ఒక్క మాట చెప్తె అయిపాయె," అంది మొగులమ్మ.

"కలిసి చెప్పుడా? నాకు చెప్తున్నవా కలిసి చెప్పుడు గురించి?" అని పెద్దరాములు కాలు మీద కాలేసుకున్నాడు. అలా వేసుకున్నాడంటే కథ మొదలైనట్టే.

"నాగయ్యా, నువ్వు కొత్తగ ఎక్కినోనివి, నీకు ఎర్కలేదు. ఈ కంపెనీల బెల్టు మొత్తం మీద అవతలోని మాట విన్నోడు ఒక్కడంటే ఒక్కడు, గాడు నేనే. ఎనుకట ఈ డబ్బా కాడ రెండు బల్లలుండె. గోడ దిక్కు పాతోళ్ళది, రోడ్డు దిక్కు కొత్తోళ్ళది. ఒకపారి దసరాకు మా బాయిలర్‌కు గుమ్మడికాయ కొట్టాల్నా వద్దా అని ముచ్చటొచ్చింది. కొట్టకపోతే బాయిలర్‌కు కోపమొస్తదని పాతోళ్ళు. బాయిలర్‌కు ఆవిరొస్తదిగని కోపమేడికెల్లి వస్తది, గదే గుమ్మడికాయ క్యాంటీన్ల పులుసు పెడితె కార్మికుని కడుపుకన్న పోతదని మేము. చిన్న ముచ్చటనే. నేనేం చేసిన? అందరి లెక్క ఒర్రలే. అయ్యా, మీ మాట మొత్తం చెప్పున్రి, నేను వింట అన్న. విన్న."

"మొత్తం విన్నవా కాకా?" అన్నాడు నాగయ్య.

"గంట సేపు. నడుమల ఒక్కపారి దగ్గిన. గది గూడ వాళ్ళకు అనుకూలంగనే దగ్గిన."

రాజారావు గ్లాసులోకి చూసుకుని నవ్వుకున్నాడు.

"ఇగ ఆడికెల్లి ఏమైందో ఎర్కేనా? షిఫ్టు సైరన్ మోగింది. బాయిలర్ కాడ కాయిదా ఏంది? రిలీవర్ రాంది మనిషి కదలొద్దు. వాదన గూడ మంట మీదున్నదే గద, నడుమల ఇడిసిపెట్టి పోతె సల్లారదా? సల్లారిందాన్ని మళ్ళ రాజేసుడు ఎంత కష్టమో బాయిలరోనికి తెల్వాలె. గందుకని నేనే కాయిదా పెట్టిన. రిలీవర్ వచ్చి బల్ల మీద కూసున్నంకనే ముందటోడు లేవాలె. వచ్చినోడు యాడిదాక వచ్చిందని అడుగుతుండె. పొయ్యేటోడు, గుమ్మడికాయ పలిగింది, గింజల కాడున్నం అని చెప్తుండె. వీడు గింజల కాడికెల్లి అందుకుంటుండె. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. దసరాకు అంటుకున్న వాదన ఉగాది దాక ఆరలే. బాయిలర్ ఆరింది, చాయ్ పొయ్యి ఆరింది, వాదన ఆరలే."

"నా పొయ్యి ఎన్నడు ఆరిందన్నా?" అంది మొగులమ్మ.

"నువ్వు ఆగవ్వా, నడుమల అడ్డం రాకు. విను నాగయ్యా. ఒకనాడు సంగారెడ్డి బస్సు ఆలస్యమైంది. రిలీవర్లందరు ఒక్కపారి దిగి ఉరికొచ్చి యాడ జాగ దొరికితె ఆడ కూసున్నరు. మావోళ్ళు గోడ దిక్కు పడ్డరు, వాళ్ళు రోడ్డు దిక్కు పడ్డరు. కాయిదా ప్రకారం యాడిదాక వచ్చిందని అడిగిన్రు, అందుకున్నరు. సూడాలె నువ్వు. ఎర్ర కండువ ఏసుకున్నోడు, గుమ్మడికాయ కొట్టకపోతె వంశం ఉండదంటుండు. బొట్టు పెట్టుకున్నోడు, దేవుడేడున్నడో సూపియ్యమంటుండు. మూడు షిఫ్టులు గడిసినా ఒక్కనికి అనుమానం రాలే. ఎందుకు రాలేదో ఎర్కేనా?"

"ఎందుకు?"

"అవతలోడు ఏమంటుండో వింటె గద అనుమానం వచ్చేది. ఎవడు వింటుండు? అవతలోడు నోరు తెరిస్తె, నువ్వు పాతోనివి అని వీడు. వీడు నోరు తెరిస్తె, నువ్వు కొత్తోనివి అని వాడు. గా పేరు ఒక్కటి పెడితె ఇగ వినుడు పని తప్పిపాయె. నేనొక్కన్నే కనిపెట్టిన. కనిపెట్టి గూడ చెప్పలే. ఎందుకంటె మావోళ్ళు అవతలి మాట మస్తు మంచిగ చెప్తుండె, సొంత మాట ఎన్నడు గంత మంచిగ చెప్పలే."

"అది నిజమేనండి," అన్నాడు రాజారావు. అంతకు మించి చెప్పబోయి నోరు తెరిచాడు. పెద్దరాములు చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు సారూ, నీ దిక్కు మాట గూడ నేనే చెప్తున్న గద. ఇగ శివరాత్రి వచ్చింది. ఏడుపాయల జాతర. పాతోళ్ళందరు మొక్కులు తీర్సుకోనీకె పోయిన్రు. కొత్తోళ్ళందరు మూఢనమ్మకం ఎట్లుంటదో సూసొస్తమని పోయిన్రు, పెండ్లాం పిల్లలను గూడ తోల్కపోయిన్రు, రాంగ ప్రసాదం తెచ్చుకున్నరు. రెండు బల్లల మీద నేనొక్కన్నే మిగిలిన. రిలీవర్ లేడు. ఇడిసిపెట్టి పోవొద్దు. ఏం చెయ్యాలె?"

"ఇంటికి పోవాలె," అన్నాడు యాదన్న ఆటోలోంచి.

"ఇంటికి పోతె నేను పెద్దరాములు ఎట్లయిత? రెండు దిక్కుల డ్యూటీ నేనే చేసిన. ఈ బల్ల మీద కూసోని ఒక మాట అనుడు, దుంకి ఆ బల్ల మీద కూసోని జవాబు ఇచ్చుడు. మొదలు మెల్లగ, ఇగ జోరుగ. మాపటాళ్ళకు ఎంత జోరంటె, రెండు బల్లల మీద ఇద్దరు పెద్దరాములులు కనపడుతుండ్రి. ఈ పెద్దరాములు తిడితె ఆ పెద్దరాములుకు కోపం వస్తుండె. బొంబాయి లారీలు ఆగిపోయినయి. అటు జహీరాబాద్ దాక, ఇటు లింగంపల్లి దాక. తెలుగు రాని పంజాబీ డ్రైవర్లు రెండు దిక్కుల తీర్పు వింటె గని కదలమన్నరు. కంపెనీల మురుగు నాలా గూడ ఆగింది, పొద్దంత వాసన రాలే."

"నాలా వాసన ఆగిందా?" అన్నాడు నాగయ్య. అంతవరకు అన్నీ నమ్మినవాడు అక్కడ మాత్రం తట్టుకోలేకపోయాడు.

"నాలాకు చెవులుంటయి. గది ఇడిసిపెట్టు. పంటల రీసెర్చోళ్ళ చేన్ల జొన్నకంకులు నేను ఈ బల్ల మీద మాట్లాడితె ఇటు ఒంగుడు, ఆ బల్ల మీద మాట్లాడితె అటు ఒంగుడు. తెల్లోళ్ళు టేపులు పట్టుకొని ఉరికొచ్చిన్రు. ఇగ పోలీసోళ్ళు వచ్చిన్రు. రెండు గుంపులు కొట్లాడుతున్నయని వాళ్ళకు కబురు పోయింది. వచ్చి సూస్తె నేనొక్కన్నే. కాగితం మీద రెండు గుంపులున్నయి, మనిషి ఒక్కడున్నడు, వాళ్ళు పరేషాన్. ఒక చేతికి నా బేడి ఏసిన్రు, ఇంకో చేతికి అవతలోని బేడి ఏసిన్రు. సంగారెడ్డి కోర్టుల జడ్జి అడిగిండు, నువ్వు ఏ దిక్కు అని. అయ్యా, ఇప్పుడైతె ఈ దిక్కు, గంట ఆగితె మళ్ళ చెప్త అన్న. ఇసొంటి మనిషిని నా సర్వీసుల సూడలే అన్నడు జడ్జి. ఇద్దరిని ఒక్క తాన పెడితె కొట్టుకుంటరని పాత జైల్ల నన్ను రెండు గదులల్ల పెట్టిన్రు."

"ఒక్కనివి రెండు గదులల్ల ఎట్లుంటివి కాకా?"

"బుద్ధి ఇశాలంగున్నోనికి జాగ ఒక సమస్యనారా?"

యాదన్న హారన్ కొట్టాడు. ఎండ డబ్బా రేకు దాటి బల్ల కాళ్ళ మీదికి వచ్చింది. మొగులమ్మ కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతోంది. సున్నం గీత వైపు ఒకసారి, ఆటో వైపు ఒకసారి చూసింది.

"అయిపోవచ్చింది, తొందరేంది? ఆఖరికి జైల్లనే తేలింది. ఆ గదిలోన్ని ఈ గదిలోడు గెలిసిండు. ఓడిపోయినోడు ఏమన్నడు? రాములూ, నువ్వు చెప్పిందే నిజం, ఇన్నొద్దులు నేనే తప్పు మాట్లాడిన అన్నడు. పటాన్‌చెరుల మనిషన్నోడు వాదనల నాది తప్పని ఒప్పుకున్నది గదే మొదలు, గదే ఆఖరు. ఒప్పించినోన్ని నేనే. ఒప్పుకున్నోన్ని నేనే. ఇగ నాకు చెప్తరు, అవతలి మనిషితోని కలిసి మాట్లాడుమని."

"ఇంతకు ఏ బల్ల గెలిసింది కాకా? గుమ్మడికాయ కొట్టిన్రా, పులుసు పెట్టిన్రా?"

పెద్దరాములు కొంచెం సేపు ఆలోచించాడు. "అప్పటికి గుమ్మడికాయ మురిగిపోయింది," అన్నాడు.

మొగులమ్మ గ్లాసులు బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి బల్ల ముందు నిలబడింది.

"అన్నా, ఈ డబ్బా పెట్టిన కాడికెల్లి నా తాన ఉన్నది ఒక్కటే బల్ల. నువ్వు కూసున్నది గదే. పొద్దుగాల వస్తవు, నడుమల కూసుంటవు, పక్కన తువ్వాల పరుస్తవు. రిలీవర్ జాగ అంటవు. నౌకరి దిగి ఇన్నేండ్లాయె, నీకు ఏ రిలీవర్ వస్తడు? సారు రోజూ వస్తడు, రోజూ నిలబడి తాగి పోతడు. మొదటినాడు సారును నువ్వు పాతోనివి అన్నవు. సారు జరగమని అడగలే. నువ్వు జరగలే."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, బల్ల అదిరింది.

"జైల్ల రెండు గదులల్ల ఉన్ననన్నవు. మంచిదే. యాదన్న ఆటోల ఎనుక ఉన్నది ఒక్కటే సీటు. నువ్వు జరిగితె సారు కూసుంటడు, నా డబ్బా ఉంటది. జరగకపోతె లేదు. గంతే అన్నా, ఇంక నేనేం అడగ."

"పరవాలేదమ్మా, నేను ముందు డ్రైవరు పక్కన కూర్చుంటాను," అన్నాడు రాజారావు.

"ముందట కూసోపెడితె సంగారెడ్డి చౌరస్తల పోలీసోళ్ళు ఆపుతరు సారూ," అన్నాడు యాదన్న. "ఎనుకనే."

పెద్దరాములు తువ్వాల తీసి దులిపాడు. దులపడానికి అందులో దుమ్మేమీ లేదు. "నేను జరగనని ఎవడన్నడు?" అని గొణుగుతూ వెళ్ళి ఆటో ఎక్కాడు. డబ్బా నాగయ్యకు అప్పజెప్పి మొగులమ్మ అటువైపు నుంచి ఎక్కింది. ఇటువైపు మిగిలిన చోట పెద్దరాములు అలవాటు కొద్దీ మళ్ళీ తువ్వాల పరిచాడు. రాజారావు ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయాడు. యాదన్న బండి స్టార్టు చేయలేదు. మొగులమ్మ ముందుకు చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి ఎర్ర తువ్వాల లేచి భుజం మీదికి పోయింది. పెద్దరాములు జానెడు జరిగాడు.

రాజారావు ఆ జానెడులోనే ఒదిగి కూర్చున్నాడు. దారిలో ముత్తంగి దాటకముందే పెద్దరాములు యాదన్నకు, తాను జరిగిన జాగలో లారీ పెట్టొచ్చని చెప్పడం మొదలుపెట్టాడు. రాజారావు కాదనలేదు, ఒక చేత్తో ఆటో కడ్డీ గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆఫీసరు ముందు ఇద్దరూ ఆ ఒక్క మాటా చెప్పారు. ఆ తర్వాత పెద్దరాములు ఇంకా చాలా చెప్పబోతుంటే, ఆఫీసరు జాగ చూపిస్తానని త్వరత్వరగా లేచాడు.

ఇప్పుడు డబ్బా గీత వెనక ఉంది. బల్ల అదే, ఒక్కటే. డబ్బాను నిలబెట్టడానికి బొంబాయి రోడ్డునే ఒంటి చేత్తో ఎట్లా జరిపాడో పెద్దరాములు రోజూ చెబుతుంటాడు. రాజారావు రోజూ వింటాడు, కూర్చుని.