కాపడం పెట్టింది నేను

నా పేరు మోదుగు మేరమ్మ. బాలశౌరి భార్యను. వయసు నలభై ఏడు. తిరువూరులో ఉంటాను, బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. ఎస్సై గారు అడిగితే మే 30న ఉదయం పదకొండు గంటలకు స్టేషన్‌లో చెబుతున్నాను.

గ్లోరి నా చెల్లెలు. ఆమె భర్త సుందరరాజు లారీ నడుపుతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఆర్‌ఎంపీ నవీన్ కుమార్ మీద ఫిర్యాదు ఇచ్చింది అతనే.

జనవరి 18న గ్లోరిని నేనే విజయవాడ తీసుకెళ్లాను. ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ, క్యాన్సరని తేలింది. గడ్డ చిన్నది కాబట్టి సన్నని సూది గుచ్చి, దాని మొన వేడితో కాల్చేస్తామని, రొమ్ము తీయక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. పెరిగితే ఇది కుదరదు, ఫిబ్రవరి 3న రమ్మంది.

సూదంటే భయమని గ్లోరి బస్సులో తిరువూరు దాకా ఏడుస్తూనే ఉంది. నాకు విసుగొచ్చింది. "వేడేగా దానికి మందు. ఆ వేడి మనింట్లో లేదా?" అన్నాను. పాప హన్నా పుట్టినప్పుడు గ్లోరికి పాలు గడ్డకడితే నేను కాపడం పెట్టాను, మూడు రోజుల్లో కరిగింది. ఇదీ కరుగుతుందనుకున్నాను. ఫిబ్రవరి 3న వెళ్లలేదు.

రోజూ సాయంత్రం ఆరింటికి ఉప్పు వేయించి మూట కట్టి పెట్టాను. మార్చిలో నవీన్ కుమార్ దగ్గర నొప్పులకు వేడి కాపడం పెట్టే ఎర్రలైటు పెట్టించాను. గ్లోరికి భుజం నొప్పని అతనితో చెప్పాను. అతను లైటు పెట్టి బయటికెళ్లగానే నేనే దాన్ని రొమ్ము మీదికి వంచేదాన్ని. అలా తొమ్మిదిసార్లు. చర్మం కమిలింది. మంటక్కా అంటే, ఓర్చుకో, కరుగుతోంది అన్నాను. విజయవాడలో మందులిచ్చారని సుందరరాజుకు అబద్ధం చెప్పాను.

మే 22న చంకలోనూ గడ్డ తగిలింది. 23న సుందరరాజు కూడా విజయవాడ వచ్చాడు. కమిలిన చోటు చూసి ఇదేంటని డాక్టరమ్మ అడిగింది. నవీన్ దగ్గర లైటు పెట్టించుకున్నానని గ్లోరి చెప్పింది. ఇక సూది పనికిరాదు, రొమ్ము మొత్తం తీయాలన్నారు.

నిన్న సాయంత్రం గ్లోరి నా చెయ్యి పట్టుకుంది. "నవీన్ పేరే చెప్పక్కా. నీ పేరొస్తే ఈయన నిన్ను గడప తొక్కనివ్వడు. సోమవారం ఆపరేషన్‌కి నా పక్కన ఎవరుంటారు?" అంది. సరేనన్నాను. సరేనని ఇక్కడికొచ్చి ఇలా చెబుతున్నాను. నవీన్‌కు గడ్డ సంగతి తెలియదు. అతనికి తెలియదు. నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది.

నా మీద ఏ కేసు పెట్టినా పెట్టండి. సోమవారం మాత్రం నన్ను గ్లోరి దగ్గర ఉండనివ్వమని సుందరరాజుకు మీరు చెప్పండి.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, ఎవరూ బలవంతం చేయలేదు, ఇందులో అబద్ధం లేదు.

సంతకం: మేరమ్మ